పందెం ముందు వాంతులు: ధ్యానం చేయిస్తే తగ్గుతాయా?

ప్రశ్న: మాది మేడ్చల్ దగ్గర కండ్లకోయ. మా బిడ్డకి 14 ఏళ్ళు, తొమ్మిదో తరగతి చదువుతోంది. రెండేళ్ళుగా 400 మీటర్ల పరుగు నేర్చుకుంటోంది. ప్రాక్టీసులో బాగా పరిగెత్తుతుంది. పోటీ అంటే మాత్రం ముందురోజు రాత్రి నిద్రపోదు. తెల్లవారి లేవగానే వాంతులు, రెండు మూడుసార్లు విరేచనాలు. గీత దగ్గర నిలబడేసరికి కాళ్ళు దూదిపింజల్లా అయిపోతాయంటుంది. ప్రాక్టీసులో కంటె పోటీలో మూడు నాలుగు సెకన్లు ఎక్కువ పడుతోంది. మేము చూపించిన డాక్టరు గారు నరాల బలహీనత అని టానిక్కు రాశారు. మా అత్తగారు దిష్టి తీశారు. మా వారు ఎక్కడో చదివి, రోజూ తెల్లవారుజామున 5 గంటలకి లేపి గంటసేపు ధ్యానంలో కూర్చోబెడుతున్నారు. పిల్ల కళ్ళు మూసుకుని కూర్చుని ఏడుస్తోంది. మొన్న రాత్రి నా దగ్గరకి వచ్చి "అమ్మా, నేనింక పరిగెత్తను" అంది. ఆరు వారాల్లో జిల్లా సెలక్షన్లు వున్నాయి. కోచ్ గారు కూడా తన దగ్గరున్న 20 మంది పిల్లలకీ మైండ్‌ఫుల్‌నెస్ నేర్పిస్తానంటున్నారు. అది మంచిదేనా? బలవంతాన అయినా చేయించాలా? లేక పరుగే మాన్పించమంటారా?
— ఒక తల్లి, కండ్లకోయ

జవాబు: ముందుగా ఆ తెల్లవారుజాము ధ్యానాన్ని రేపటినుంచి ఆపించండి. మీ వారి ఉద్దేశం మంచిదే. కాని 14 ఏళ్ళ పిల్లకి 8 నుంచి 10 గంటల నిద్ర కావాలి. ఆ నిద్రలోంచి ఒక గంట కోసి ధ్యానానికి ఇస్తే పిల్లకి మిగిలేది నష్టమే. పైగా కళ్ళు మూసుకుని కదలకుండా కూర్చోగానే, పగలంతా తప్పించుకు తిరిగిన భయాలన్నీ ఒక్కసారిగా వచ్చి ఎదుట నిలబడతాయి. పెద్దవాళ్ళకే అది కష్టం. పిల్ల ఏడవడంలో వింత లేదు.

ఇక ఆ "నరాల బలహీనత" సంగతి. ఈ మాట మన దేశంలో ఎన్ని టానిక్కు సీసాలు అమ్మిపెట్టిందో లెక్కలేదు. మీ అమ్మాయికి జరుగుతున్నది బలహీనత కాదు, శరీరం మరీ ఎక్కువగా సిద్ధం కావడం. ఏదో పెద్ద పని మీద పడబోతోందని మెదడు అనుకోగానే, మూత్రపిండాల మీద టోపీల్లా కూర్చున్న ఎడ్రినల్ గ్రంథులు ఎడ్రినలిన్‌ని రక్తంలోకి వదులుతాయి. గుండె వేగం పెరుగుతుంది. రక్తం పొట్టనుంచి కాళ్ళలోని కండరాలవైపు మళ్ళుతుంది. పొట్ట తన పని ఆపేస్తుంది. అందులో వున్నది పైకో కిందికో పోవలసిందే. అవే మీరు చూస్తున్న వాంతులూ, విరేచనాలూ. పేరుమోసిన ఆటగాళ్ళలో కూడా పోటీ ముందు వాంతి చేసుకునేవాళ్ళు వున్నారు. అది జబ్బు కాదు. అయితే ఆ దడని చూసి పిల్ల మళ్ళీ భయపడటం వుంది చూశారూ, అసలు చిక్కు అక్కడ వుంది. "గుండె కొట్టుకుంటోంది, నాకేదో అయిపోతోంది, ఈసారీ ఓడిపోతాను" అనుకుంటుంది. దాంతో భుజాలు బిగుసుకుంటాయి, దవడ బిగుసుకుంటుంది. బిగుసుకున్న శరీరం 400 మీటర్లలో మొదటి 200 మీటర్లకే అలిసిపోతుంది. మీరు రాసిన మూడు నాలుగు సెకన్లు అక్కడే పోతున్నాయి.

అంతా మనస్సుదే అని తేల్చేముందు కొన్ని చూడాలి. హెమోగ్లోబిన్ పరీక్ష చేయించండి. ఈ వయస్సు ఆడపిల్లలో అది 12 గ్రాములకి తగ్గితే రక్తహీనత కింద లెక్క. రక్తం తక్కువైన పిల్లకి ఎంత మనోనిబ్బరం నేర్పినా చివరి 100 మీటర్లలో కాళ్ళు లేవవు. నెలసరి సక్రమంగా వస్తోందా, బరువు తగ్గుతోందా, లావవుతానని తిండి మానేస్తోందా, పరుగులో పిల్లికూతలతో ఆయాసం వస్తోందా, ఇవన్నీ మీ డాక్టరు గారికి చెప్పండి. పరిగెత్తుతూ వుండగా ఎప్పుడైనా స్పృహ తప్పి పడిపోయినా, గుండెలో నొప్పి అన్నా పరుగు వెంటనే ఆపి గుండె డాక్టరుకి చూపించాలి. అక్కడ ధ్యానం మాట ఎత్తకూడదు. ఇంకొక మాట. గుండెదడ తగ్గించే బిళ్ళలు ఎవరో చెప్పారని ఇవ్వకండి. ఉబ్బసం వున్నవారికి వాటితో ప్రమాదం. షూటింగు, విలువిద్య వంటి ఆటల్లో వాటిమీద నిషేధం కూడా వుంది.

ఇప్పుడు మీ అసలు ప్రశ్నకి వస్తాను. మైండ్‌ఫుల్‌నెస్ అనే మాట కొత్తది గాని సరుకు మనదే. దానికి మంచి తెలుగు మాట "ఎరుక". మీ మేడ్చల్ వైపు "ఎరుకేనా?" అని అడుగుతారే, ఆ ఎరుకే. ఇప్పుడు నా శరీరంలో ఏం జరుగుతోంది, నా మనస్సు ఎక్కడికి పోయింది అన్నది తెలిసి వుండటం. వచ్చీపోయే శ్వాసని గమనించడం బౌద్ధుల పాత సాధన. 1979లో అమెరికాలోని మసాచుసెట్స్ యూనివర్సిటీ వైద్యకేంద్రంలో జాన్ కబాట్-జిన్ అనే ఆయన దాన్ని మతం జోలికి పోకుండా, మందులతో తగ్గని నొప్పులున్న రోగులకి పాఠంగా నేర్పడం మొదలుపెట్టాడు. 1984 ఒలింపిక్స్ నాటి అమెరికా పడవపందెం జట్టుకి కూడా ఆయన నేర్పాడు. ఆటగాళ్ళలోకి ఇది అలా వచ్చింది.

చాలామంది అపోహ ఏమిటంటే, ఇది మనస్సుని ఖాళీ చెయ్యడమనీ, చేస్తే భయం పోతుందనీ. మనస్సు ఖాళీ కాదు. భయం కూడా పోదు. భయం వుండగానే చెయ్యవలసిన పనిమీదకి దృష్టిని తిప్పుకోగలగడం, ఇంతే ఇందులో వున్నది. దృష్టి నూరుసార్లు పక్కకి పోతుంది. పోయిందని తెలుసుకుని నూటొకటోసారి వెనక్కి తెచ్చుకోవాలి. ఆ వెనక్కి తెచ్చుకోవడమే సాధన. తాలింఖానాలో రాతిగుండు ఎత్తడం లాంటిదే ఇదీ. గుండు కిందికి దిగడం తప్పు కాదు గదా, దిగితేనే మళ్ళీ ఎత్తేది! పిల్లలకి ఈ ఒక్క మాట అర్థమైతే సగం భారం దిగిపోతుంది. "నాకు ధ్యానం కుదరడం లేదు" అని ఏడవవలసిన పని వుండదు.

మన పల్లెల్లో ఇది ఆటలోనే వుండేది. చెడుగుడులో కూత పట్టి అవతలి బరిలోకి వెళ్ళే కుర్రవాణ్ణి చూడండి. ఒకే ఊపిరి, ఒకే మాట. చుట్టూ ఏడుగురు పట్టుకోవడానికి కాచుకుని వున్నా కూత తెగకూడదు. భయపడకు అని వాడికెవరూ చెప్పరు. వాడికి భయపడే తీరికే వుండదు. మీ కోచ్ గారికి ఈ పోలిక చెప్పండి, పాఠం ఎలా నేర్పాలో ఆయనకే తడుతుంది.

మీ అమ్మాయికి నేను సూచించేది చాలా చిన్నది. మైదానంలోనే, షూస్ వేసుకుని, కళ్ళు తెరిచి చెయ్యవలసింది. వార్మప్ అయ్యాక నిటారుగా నిలబడి పాదాలు నేలకి ఆనిన చోటుని గమనించమనండి. మూడు నాలుగు అంకెలు లెక్కపెట్టేంత సేపు గాలి పీల్చి, అయిదారు అంకెలు లెక్కపెట్టేంత సేపు వదలాలి. బిగబట్టకూడదు. వదిలే గాలి పొడుగు కావాలి, అదే ముఖ్యం. మెదడునుంచి గుండెకి వచ్చే వేగస్ అనే నరం గాలి వదిలేటప్పుడు గుండె వేగాన్ని కొద్దిగా తగ్గిస్తుంది. ఇలా పది శ్వాసలు. రెండు నిమిషాలు కూడా పట్టదు. మనస్సు ఎటో పోతే "పోయింది" అని లోపల అనుకుని పాదాల దగ్గరికి రావాలి.

తరువాత మెల్లగా ఒక 200 మీటర్లు పరిగెత్తుతూ అడుగుల చప్పుడు మాత్రమే వినాలి. ఆదివారాలు మీ కండ్లకోయ ఆక్సిజన్ పార్కులో ఆ పని నడకలో చెయ్యవచ్చు. తల్లీకూతుళ్ళు కలిసి వెళ్ళండి. పావుగంట మాట్లాడకుండా నడవండి, ఆ తరువాత ఎన్ని కబుర్లైనా చెప్పుకోండి. మీరు కూడా చెయ్యాలని ఎందుకంటున్నానంటే, పోటీ రోజున మైదానంలో గుండెదడ వచ్చేది పిల్లకి ఒక్కదానికే కాదు. గ్యాలరీలో కూర్చున్న మీ ముఖం చూసి పిల్ల తన గతి ఏమిటో చదువుకుంటుంది.

రెండు వారాలయ్యాక 400 మీటర్లని నాలుగు ముక్కలు చెయ్యమనండి. ముక్కకొక్క మాట. మొదటి వంపులో "చేతులు", అవతలి తిన్నని దారిలో "భుజాలు వదులు", రెండో వంపులో "మోకాళ్ళు", చివరి వందలో "ముందుకి". ఇవి నేను ఉదాహరణకి చెప్పినవి. మాటలు పిల్లే ఎంచుకోవాలి, కోచ్ సరిచూడాలి. "ఓడిపోకూడదు", "పడిపోకూడదు" వంటి కూడదులు మాత్రం వద్దు. పక్క లైనులో అమ్మాయి ముందుకి పోయిందనే ఆలోచన రానే వస్తుంది. వచ్చినప్పుడు ఏ ముక్కలో వుంటే ఆ మాట దగ్గరికి తిరిగి రావాలి. గెలుపూ ఓటమీ గురించి ఆలోచించడానికి పరుగు అయ్యాక బోలెడు వ్యవధి.

మూడో వారంనుంచి వారానికొకసారి ఉత్తుత్తి పోటీ పెట్టించండి. ఛాతీకి నంబరు కట్టి, విజిల్ ఊది, పదిమందిని నిలబెట్టి నిజం పోటీలాగే జరపాలి. పిల్లకి ఆ పొద్దున వాంతి అవుతుంది, కానివ్వండి. నోరు కడుక్కుని, ఉప్పూ పంచదారా కలిపిన ఓ.ఆర్.ఎస్. నీళ్ళు గుక్కగుక్కగా తాగి, వెళ్ళి పరిగెత్తాలి. వాంతి అయినా పరిగెత్తవచ్చునని శరీరానికి నాలుగుసార్లు అనుభవంలోకి వస్తే, అయిదోసారి వాంతికి అంత విలువ వుండదు. నేను మెడికల్ కాలేజీలో చదివేటప్పుడు వైవా గది గుమ్మం దగ్గర నా పేరు కూడా మరచిపోయేవాణ్ణి. ఒక సీనియరు నన్ను కూర్చోబెట్టి వరసగా వారం రోజులు దొంగ వైవా పెట్టి తిట్టాడు. భయం ఇప్పటికీ గుర్తుంది గాని, పేరు మాత్రం మళ్ళీ మరచిపోలేదు.

మన హైదరాబాదు నుంచే ఒక ఉదాహరణ చెబుతాను. 2001లో ఆల్ ఇంగ్లండ్ గెలిచిన పుల్లెల గోపీచంద్ గారి దగ్గర పి.వి. సింధు చిన్నప్పటినుంచీ బాడ్మింటన్ నేర్చుకుంది. అమ్మాయి బాగా ఆడుతుంది గాని కోర్టులో నోరు విప్పదు. అందరి ఎదుటా కోర్టు మధ్యలో నిలబడి గట్టిగా అరిస్తేనే రాకెట్టు ముట్టుకోనిస్తానని ఆయన పట్టుబట్టారు. ఆ సంగతి పత్రికల్లో చాలాసార్లు వచ్చింది. 2016 రియో ఒలింపిక్స్ ముందు మూడు నెలలు సింధు ఫోను కూడా ఆయన తీసేసుకున్నారు. వెండి పతకం వచ్చాక తిరిగి ఇస్తానన్నారు. ఇది చదివి మీరు రేపే మీ అమ్మాయిని నడివీధిలో నిలబెట్టి అరవమనకండి. ఏళ్ళ తరబడి రోజూ చూసిన పిల్లకి ఏ మందు పడుతుందో గురువుకి తెలిసి వేసిన మందు అది. పక్కింటివాళ్ళ ప్రిస్క్రిప్షన్ మనం వాడం గదా.

నేను చెప్పదలచుకున్నది ఆ తరువాతి కథ. 2017లో గ్లాస్గోలో ప్రపంచ చాంపియన్‌షిప్ ఫైనల్లో సింధు 110 నిమిషాలు ఆడి జపాన్ అమ్మాయి ఒకుహారా చేతిలో ఓడింది. 2018లో నాన్జింగ్‌లో మళ్ళీ ఫైనల్లో ఓడింది. ఫైనల్ అంటే ఈమెకి భయం అని జనం అనేశారు. 2019 ఆగస్టులో బాసెల్‌లో మూడోసారి ఫైనల్. ఎదుట అదే ఒకుహారా. 21-7, 21-7తో నలభై నిమిషాలలోపే గెలిచింది. రెండుసార్లు ఓడిన చోటికి మూడోసారి వెళ్ళి నిలబడినప్పుడు ఆమెకి దడ లేదని ఎవరైనా అంటే నేను నమ్మను.

భయం లేనివాళ్ళకే ఆట అనుకుంటే ప్రపంచంలో ఆటలే వుండవు. ఉసేన్ బోల్ట్ అంతటివాడు 2011లో దేగులో 100 మీటర్ల ఫైనల్లో తుపాకి మోగకముందే కదిలి పోటీనుంచి బయటికి పోయాడు. కొద్ది రోజుల్లోనే అక్కడే 200 మీటర్లు గెలిచాడు. అమెరికా జిమ్నాస్ట్ సిమోన్ బైల్స్ 2021లో టోక్యోలో, గాలిలో వుండగా తన శరీరం ఎటు తిరుగుతోందో తనకే తెలియడం లేదని చాలా పోటీలనుంచి తప్పుకుంది. లోకమంతా పిరికిది అంది. ఆమె మనోవైద్య సహాయం తీసుకుంటున్నట్టు బహిరంగంగానే చెప్పి, 2024లో పారిస్‌లో మూడు బంగారు పతకాలు తెచ్చుకుంది. కొన్నాళ్ళు ఆపడం కూడా శిక్షణలో భాగమే. మాన్పించనా అని అడిగారు. మాన్పించకండి. అలాగని బలవంతంగా పంపకండి కూడా. "ఈ ఆరు వారాలూ ఇలా చేసి చూద్దాం, సెలక్షన్లకి వెళ్ళేదీ లేనిదీ ఆ వారం నువ్వే చెప్పు" అనండి. ఆ మాట అన్నాక దానిమీద నిలబడండి. మీ వారి చేత కూడా అనిపించండి.

కోచ్ గారు 20 మందికీ నేర్పుతానన్నారు. సంతోషం. మీకు దగ్గర్లోనే హకీంపేటలో 1993 నుంచి క్రీడా పాఠశాల వుంది. నాలుగో తరగతిలో చేర్చుకునేటప్పుడు ఎత్తు, బరువు కొలుస్తారు. పరుగు, గెంతు, మెడిసిన్ బంతి విసరడం అన్నీ చూస్తారు. మైదానం ఏదైనా పిల్లల కాళ్ళకి టేపు, గడియారం వుంటాయి. మనస్సుకి కూడా ఒక పది నిమిషాలు కేటాయిద్దామని ఒక కోచ్ అనుకోవడం మంచి మార్పే. అయితే ఆయన ఒక సంగతి తెలుసుకోవాలి. బ్రిటన్‌లో 11 నుంచి 13 ఏళ్ళ స్కూలు పిల్లలు 8 వేలమందికి పైగా చేర్చి పెద్ద పరీక్ష ఒకటి జరిపారు. సగం స్కూళ్ళలో ఉపాధ్యాయుల చేత మైండ్‌ఫుల్‌నెస్ పాఠాలు చెప్పించారు. 2022లో ఫలితాలు వచ్చాయి. మామూలు స్కూళ్ళ పిల్లలకంటె వీళ్ళ మనస్సు ఏమీ మెరుగుపడలేదు. చాలామంది పిల్లలు ఇంటి దగ్గర సాధనే చెయ్యలేదు, విసుగన్నారు. ఆటగాళ్ళమీద జరిగిన పరిశోధనల్లో కొంత మేలు కనిపించింది గాని అవి చాలావరకు చిన్నవి. కాబట్టి ఇది సర్వరోగనివారిణి కాదు. ఇష్టంగా, ఆటలో కలిపి చేస్తే ఉపయోగపడే సాధనం.

అందుకని అందరినీ చాపలమీద కూర్చోబెట్టి కళ్ళు మూయించవద్దు. వార్మప్‌లో అయిదు, చివర చల్లబడేటప్పుడు అయిదు నిమిషాలు చాలు. వద్దన్న పిల్లని వదిలెయ్యాలి. కొందరు పిల్లలకి ఇంట్లో దెబ్బలో, చావో, మరేదో జరిగి వుంటుంది. కళ్ళు మూసుకుంటే వాళ్ళకి అదే కనిపిస్తుంది. అటువంటివాళ్ళకి బంతి పట్టుకోవడం, చప్పుళ్ళు వినడం వంటివి ఇవ్వాలి. చివరలో "మనసు ఎక్కడెక్కడికి తిరిగొచ్చింది?" అని అడిగితే పిల్లలు నవ్వుకుంటూ చెబుతారు. బిర్యానీ దగ్గరికి పోయిందని ఒకడంటే కోచ్ కూడా నవ్వాలి. తను చెయ్యకుండా పిల్లల చేత చేయించే కోచ్‌ని పిల్లలు ఇట్టే పట్టేస్తారు.

ఇంకొకటి మెల్లగా, ఒంటరిగా వున్నప్పుడు అడగండి. పిల్లకి భయం పోటీ అంటేనా, లేక ఎవరైనా మనిషంటేనా? ప్రాక్టీసుకి కూడా వెళ్ళనంటోందా? మైదానంలో ఎవరైనా కొడుతున్నారా, ఒంటిమీద చేతులు వేస్తున్నారా, బస్సులో ఎవరైనా వెంటపడుతున్నారా? మీ ఉత్తరంలో అటువంటి సూచన ఏమీ లేదు. ఈ ప్రశ్న ఎవరి పిల్లకైనా వేస్తాను. అలాంటిది వుంటే ఆ భయం సరైన భయమే. దాన్ని ఊపిరి కసరత్తుతో అణచకూడదు. 1098కి ఫోను చేస్తే పిల్లల రక్షణ చూసేవారు పలుకుతారు. అలాగే పోటీలు లేని రోజుల్లో కూడా నిద్ర లేకపోవడం, ఎవరితోనూ మాట్లాడకపోవడం, చచ్చిపోతాననడం, ఒళ్ళు కోసుకోవడం వంటివి కనిపిస్తే వెంటనే మానసిక వైద్యునికి చూపించాలి. ప్రభుత్వంవారి టెలీ మానస్ 14416లో తెలుగులో ఏ వేళనైనా మాట్లాడవచ్చు.

మీ ఇంట్లో పెద్దవాళ్ళ సంగతి కూడా రాయకుండా వుండలేను. ఓడిన పిల్ల ఇంటికి వచ్చేటప్పుడు బండిమీద వెనక కూర్చుని వింటున్న మాటలే తరువాతి పోటీకి ముందురోజు రాత్రి దానికి మళ్ళీ వినిపిస్తాయి. వరంగల్ దగ్గర కల్లెడ గ్రామంలో పుట్టిన జీవాంజి దీప్తి మీ అమ్మాయి పరిగెత్తే 400 మీటర్లే పరిగెత్తుతుంది. బుద్ధి ఎదుగుదలలో లోపంతో పుట్టిన పిల్ల అని ఊళ్ళో జనం ఎన్ని మాటలన్నారో, అనాథాశ్రమంలో వదిలెయ్యమని కూడా ఎలా సలహా చెప్పారో తల్లిదండ్రులే విలేకరులకి చెప్పుకున్నారు. వాళ్ళు వదలలేదు. నాగపురి రమేష్ గారు హైదరాబాదులో శిక్షణ ఇచ్చారు. 2024 మే నెలలో జపాన్‌లోని కోబెలో 55.07 సెకన్లతో తన విభాగంలో ప్రపంచ రికార్డు నెలకొల్పింది. సెప్టెంబరులో పారిస్ పారాలింపిక్స్‌లో కంచు పతకం తెచ్చింది. ఊరు అన్న మాటని ఇంట్లోకి రానివ్వకపోవడం ఆ తల్లిదండ్రులు చేసిన పని. మీ అత్తగారి దిష్టి మాటేమంటారా, తియ్యనివ్వండి. మనవరాలిమీద ఆవిడకున్న ప్రేమ అది. టానిక్కు కంటె చవక కూడా.

పోటీ రోజుకి ఏర్పాట్లు ఇవి. ముందురోజు రాత్రి తొమ్మిదింటికల్లా ఇంట్లో అందరి ఫోన్లూ బీరువాలో పెట్టండి, మీ వారిది కూడా. నిద్ర పట్టకపోతే పడుకుని వుంటే చాలని పిల్లకి చెప్పండి. ఒక్క రాత్రి నిద్ర పోయినంత మాత్రాన పరుగు పాడవదు, ఆ వారమంతా పడుకున్న నిద్రే కాళ్ళలో వుంటుంది. పరుగుకి మూడు గంటల ముందు రెండు మూడు ఇడ్లీలు, కారం లేకుండా. గంట ముందు ఒక అరటిపండు, అదీ పిల్ల వద్దంటే వద్దు. పాలు, పూరీలు, గుడ్డు బలమని కుక్కకండి. "భయపడుతున్నావా?" అనీ, "భయపడకు" అనీ రెండూ అనవద్దు. దడ మొదలైందంటే "ఆఁ, వచ్చిందా, బండి స్టార్టయింది" అని నవ్వి ఊరుకోండి. పరుగు అయ్యాక ఎన్నో స్థానం అని అడగకండి, మీకు ఎలాగూ కనిపిస్తుంది. ఆకలేస్తోందా అని అడగండి.

సెలక్షన్లయ్యాక ఒక ఉత్తరం ముక్క రాయండి. పిల్ల వెళ్ళిందీ లేనిదీ రాస్తే చాలు, స్థానం రాయనక్కరలేదు. హెమోగ్లోబిన్ ఎంత వచ్చిందో మాత్రం తప్పకుండా రాయండి.